పెద్ద ప్రకటన, చిన్న ప్రకటన: కాలుష్యానికి పచ్చరంగు వేసే పద్ధతి

జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినోత్సవం. ఆ రోజు జిల్లా ఎడిషన్‌లో ఈ తరహా ఫుల్ పేజీ ప్రకటన ఒకటైనా తగులుతుంది. పేజీ నిండా పచ్చదనం, పైమూలన ఎగిరిపోతున్న ఫ్లెమింగోల బారు, మధ్యలో దోసిట్లో మట్టి, ఆ మట్టిలో మూడాకుల మొక్క. ప్రగతీ ప్రకృతీ చెట్టపట్టాలు వేసుకుని నడుస్తున్నాయనే అర్థం వచ్చే ఒక వాక్యం, కింద కంపెనీ గుర్తు. పులికాట్‌కు ఫ్లెమింగోలు అక్టోబరు ప్రాంతంలో వచ్చి, ఎండలు ముదిరేలోపు చాలావరకు మకాం ఎత్తేస్తాయి. అయినా ప్రకటనలో పక్షికి సీజన్ ఉండదు కదా.

అదే పత్రికలో మరో రోజు, లోపలి పేజీలో, టెండరు నోటీసులకూ పేరు మార్పిడి ప్రకటనలకూ నడుమ రెండు కాలాల వెడల్పున ఇంకో ప్రకటన పడుతుంది. ఫలానా మండలం, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబర్లలోని ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి మంజూరైందనీ, అనుమతి పత్రం ప్రతులు కాలుష్య నియంత్రణ మండలి వద్ద, కేంద్ర మంత్రిత్వశాఖ వెబ్‌సైట్‌లో దొరుకుతాయనీ దాని సారాంశం. అక్షరాలు భూతద్దం పెట్టి చదవాల్సినంత. ఇది కంపెనీ ముచ్చటపడి వేసుకున్నది కాదు. అనుమతి వచ్చిన 7 రోజుల్లోపు రెండు స్థానిక పత్రికల్లో, అందులో ఒకటైనా స్థానిక భాషలో, ఈ సంగతి ప్రకటించాలని అనుమతి పత్రంలోనే షరతు ఉంటుంది.

మొదటిది కంపెనీ చెప్పదలచుకున్నది, రెండోది చట్టం చెప్పించింది. కాలుష్యం గురించి ప్రజలకు పనికొచ్చే సమాచారానికి దారి రెండోదానిలోనే ఉంటుంది. మొదటిదానిలో అబద్ధం వెతకడం చాలాసార్లు దండగ, ఎందుకంటే పెద్ద కంపెనీల ప్రకటనలను రాసేవాళ్లు, వాటిని చూసిపెట్టే లాయర్లు పచ్చి అబద్ధాన్ని పేజీకెక్కనివ్వరు. అక్కడ చూడాల్సింది అంకె నిజమా కాదా అని కాదు, ఆ అంకెను దేనితో భాగించారు, దేన్ని లెక్కలోంచి జారవిడిచారు అని.

99.9 శాతం వెనక ఏముంది

కృష్ణపట్నం రేవు చుట్టుపక్కల ముత్తుకూరు మండలంలో బొగ్గు థర్మల్ కేంద్రాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. నేలటూరులోని దామోదరం సంజీవయ్య కేంద్రంలో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. లెక్కకు ఆ సైజు యూనిట్‌నే తీసుకుందాం. ఇది ఫలానా కేంద్రం రికార్డు కాదు, దేశంలో ఎక్కడి 800 మెగావాట్ల యూనిట్‌కైనా వేసుకోదగ్గ చేతి లెక్క.

పూర్తి లోడు మీద రోజంతా నడిస్తే 1.92 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. దేశీయ బొగ్గయితే కరెంటు యూనిట్‌కు 650 గ్రాములు అనుకుందాం, అంటే రోజుకు సుమారు 12,500 టన్నుల బొగ్గు. మన బొగ్గులో బూడిద 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. 34 శాతం వేసుకుంటే 4,250 టన్నుల బూడిద. దిగుమతి బొగ్గు కలిపితే ఇది తగ్గుతుంది. ఈ బూడిదలో ఐదోవంతు బాయిలర్ అడుగున పడుతుంది, మిగిలిన 3,400 టన్నులు పొగతో పాటు చిమ్నీ వైపు పరుగెడతాయి. ఆ దారిలో ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్ కాపలా ఉంటుంది. ప్లాంటులో అందరూ ఈఎస్‌పీ అంటారు. వేల వోల్టుల విద్యుత్ క్షేత్రంలో ధూళి కణాలకు ఛార్జి ఎక్కించి లోహపు పలకలకు అంటుకునేలా చేయడం, సుత్తులతో పలకలను కొట్టి ఆ బూడిదను కింది హాపర్లలోకి రాల్చడం దాని పని.

'99.9 శాతం ధూళిని పట్టేస్తున్నాం' అనే మాట అక్కడి నుంచి వస్తుంది. మాట నిజమే కావచ్చు. మిగిలిన 0.1 శాతం ఎంత? 3,400 టన్నుల్లో 3.4 టన్నులు, ప్రతిరోజూ, ఒక్క యూనిట్ నుంచి. ఇది ఘనపు మీటరు పొగకు 50 మిల్లీగ్రాములనే పరిమితికి దరిదాపుల్లోనే పడుతుంది. 2004 నుంచి 2016 చివరి దాకా కట్టిన యూనిట్లకు 2015 డిసెంబరు నిబంధనలు పెట్టిన హద్దు అదే. 2017 నుంచి వచ్చినవాటికి 30. అంటే 'పరిమితుల లోపే' అన్న మాటా, రోజుకు మూడు టన్నుల పైచిలుకు ధూళి గాల్లో కలవడమూ రెండూ ఏకకాలంలో నిజం. ప్రకటనలో శాతం వేస్తారు, ఊరి మీద పడేది టన్నుల్లో ఉంటుంది.

పైగా 99.9 అన్నది ఈఎస్‌పీలోని అన్ని ఫీల్డులూ, అంటే ఛార్జి ఎక్కించే పలకల వరసలన్నీ, బాగా పనిచేస్తున్నప్పటి సంగతి. గంధకం తక్కువగా ఉండే మన బొగ్గు బూడిదకు విద్యుత్ నిరోధం ఎక్కువ, పలకల మీద మందంగా పేరుకుని వెనక్కి మెరుపులు కొడుతుంది, పట్టే శక్తి పడిపోతుంది. హాపరు సకాలంలో ఖాళీ కాకపోతే బూడిద పైదాకా నిండి ఫీల్డు ట్రిప్పవుతుంది. బాయిలరును నూనెతో వెలిగించి వేడెక్కించే గంటల్లో ఈఎస్‌పీని పూర్తిగా ఛార్జి చేయరు. అన్నిటికంటే ముఖ్యం, దానికి సరిగ్గా దొరకనిది మైక్రానులో పదోవంతు నుంచి ఒక మైక్రాను దాకా ఉండే సన్నటి కణం. బరువులో అది పిసరంత, ఊపిరితిత్తుల్లో లోపలికంటా వెళ్లేది మాత్రం అదే. బరువుతో లెక్కకట్టిన శాతంలో ఆ కణం కనబడదు.

ఇంకా ఆ అంకె మాట్లాడేది ధూళి గురించి మాత్రమే. సల్ఫర్ డయాక్సైడ్ వాయువు ఈఎస్‌పీలోంచి ఏ ఆటంకమూ లేకుండా దాటిపోతుంది. దాన్ని పట్టడానికి సున్నపురాయి ముద్దతో పొగను కడిగే ఎఫ్‌జీడీ అనే వేరే యంత్రాంగం కావాలి. 2015 నిబంధనలు సల్ఫర్‌కు పరిమితి పెట్టాయి. గడువు పదేపదే జరిగింది. చివరకు 2025 జులైలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ దేశంలోని అత్యధిక థర్మల్ యూనిట్లకు, చిమ్నీ ఎత్తు షరతుతో, ఆ పరిమితి నుంచి మినహాయింపు ఇచ్చింది. చిమ్నీలోంచి వచ్చే వాయువులో ఏ మార్పూ లేదు. 'అన్ని నిబంధనలకు లోబడి నడుస్తున్నాం' అన్న వాక్యం మాత్రం నోటిఫికేషన్ తర్వాత మరింత నిఖార్సయింది. నిబంధన కదిలితే వాక్యం నిజమవుతుంది. ఆ వాక్యం చదివేటప్పుడు ఏ నిబంధన, ఏ సంవత్సరానిది అన్న ప్రశ్న వేసుకోకపోతే అందులో సమాచారమేమీ లేదు.

కొలిచిన చోటు, కొలిచిన నెల

'చుట్టుపక్కల గాలి నాణ్యత జాతీయ ప్రమాణాల లోపే' అన్న మాటదీ ఇదే కథ. పీఎం 10కు, అంటే 10 మైక్రానుల లోపు ధూళికి, 24 గంటల సగటు ఘనపు మీటరు గాలికి 100 మైక్రోగ్రాములు, ఇంకా సన్నదైన పీఎం 2.5కు 60, 2009 నుంచి ఉన్న ప్రమాణాలివి. నెల్లూరు తీరానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. ఆ నెలల్లో కొలిస్తే వాన కడిగిన గాలిని కొలిచినట్టు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో గాలి సముద్రం మీది నుంచి మళ్లి చిమ్నీ పొగనూ బొగ్గు యార్డు దుమ్మునూ లోపలి ఊళ్ల మీదికి తోస్తుంది. అప్పుడు కొలత యంత్రం ప్లాంటుకూ సముద్రానికీ మధ్య ఉంటే దానికి తగిలేది శుభ్రమైన సముద్రపు గాలి. యంత్రం అబద్ధం చెప్పలేదు, దాన్ని నిలబెట్టిన చోటే అంతా నడిపింది. కొలత నెల, యంత్రం ఏ దిక్కున ఉందన్న వివరం ఏ పచ్చని పేజీలోనూ కనబడదు.

మేడ మీద ఆరేసిన తెల్ల పంచె ఇంతకంటే నయం. గాలి ఎటు మళ్లిందో, బొగ్గు వ్యాగన్లు కప్పకుండా ఎప్పుడు కదిలాయో సాయంత్రానికి చెప్పేస్తుంది. కోర్టులో చెల్లదనుకోండి.

లక్ష మొక్కలు, మూడు గంటలు

ప్రకటనల్లో మొక్కంత చవకైన వస్తువు లేదు. 'లక్ష మొక్కలు నాటాం' అనగానే చదివేవాడి మనసులో అడవి లేస్తుంది. అదే 800 మెగావాట్ల యూనిట్‌తో తూకం వేద్దాం. బొగ్గు కరెంటు యూనిట్‌కు సుమారు 900 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పూర్తి లోడు మీద గంటకు 720 టన్నులు. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోల చొప్పున పీల్చుకుంటుందని మోటుగా వేసుకుంటే, లక్ష చెట్లు ఏడాది పొడవునా చేసే పని 2,000 టన్నులు. అంటే యూనిట్ మూడు గంటలు నడిస్తే వచ్చే పొగ కూడా కాదు. అదీ లక్షకు లక్షా బతికి, మానులయ్యాక.

నాటినవి ఏవన్నది తర్వాతి ప్రశ్న. మన తీరాన ఇసుక నేలల్లో తేలిగ్గా లేచేది సరుగుడు, మెట్టన జామాయిల్, ప్రకాశం వైపు సుబాబుల్. మూడూ నాలుగైదేళ్లకో కాస్త ఆగో కొట్టి పేపరు మిల్లుకో పొయ్యికో పంపే తోటలే. పీల్చుకున్న కార్బన్ కొద్ది కాలంలోనే మళ్లీ గాల్లోకి వెళ్తుంది. అలాంటి తోటను పచ్చదనంగా చూపొచ్చు, పొగకు విరుగుడుగా చూపడం కుదరదు.

మూడో సంగతి: పెద్ద ప్రాజెక్టుల అనుమతుల్లో స్థలంలో మూడోవంతు, అంటే 33 శాతం, గ్రీన్‌బెల్టు పెంచాలన్నది మామూలుగా ఉంటూ వచ్చిన షరతు. ఆ షరతు కింద నాటిన మొక్కలనే ఔదార్యంగా ప్రకటించుకుంటే, అద్దె కట్టినందుకు ఇంటి యజమాని చేత సన్మానం చేయించుకున్నట్టు ఉంటుంది.

'వంద శాతం బూడిద వినియోగం' కూడా ఈ బాపతే. 2021 డిసెంబరు 31 నోటిఫికేషన్ ప్రకారం థర్మల్ కేంద్రాలు తమ బూడిదను పూర్తిగా వినియోగంలోకి తేవాలి, వాడని బూడిదకు టన్నుకు 1,000 రూపాయల పర్యావరణ పరిహారం కట్టాలి. వినియోగం అనగానే ఇటుకలు, సిమెంటు గుర్తొస్తాయి. కానీ ఆమోదించిన జాబితాలో పల్లపు భూములు పూడ్చడం, రోడ్డు కట్టలు పోయడం, తవ్వేసిన గనుల గుంతలు నింపడం కూడా ఉన్నాయి. సిమెంటులో కలిసిన బూడిద రాయవుతుంది. పల్లంలో పోసిన బూడిద మీద మట్టి పొర సరిగా పడకపోతే వేసవిలో లేస్తుంది, వానల్లో అడుక్కి దిగుతుంది. రెంటికీ కాగితం మీద ఒకటే పేరు. ఆ 4,250 టన్నులు ప్లాంటు దాటాలంటే 30 టన్నుల బండ్లు రోజుకు సుమారు 140 ట్రిప్పులు తిరగాలి. ఆ దారిలోని ఊళ్లకు వంద శాతం వినియోగం అంటే 140 లారీలు. అందుకే ఎన్ని టన్నులు వాడారని కాక, ఏ పనికి ఎన్ని టన్నులు, ఏ సర్వే నంబర్లో, టార్పాలిన్ కప్పిన బండ్లా మూసిన ట్యాంకర్లా అని అడగాలి.

ప్రపంచం ముందే చూసిన ఆట

ఈ విద్య కృష్ణపట్నంలో పుట్టింది కాదు. 1962లో యూనియన్ కార్బైడ్ అమెరికా పత్రికల్లో ఒక ప్రకటన వేసింది. కొత్త భారతదేశాన్ని కట్టడానికి విజ్ఞానశాస్త్రం తోడ్పడుతోందన్నది దాని శీర్షిక. ఆకాశంలోంచి ఒక పెద్ద చెయ్యి ఎర్రటి ద్రవాన్ని మన నేల మీద వంపుతుంటుంది. అప్పటికి అది వరం. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లో అదే కంపెనీ అనుబంధ ఫ్యాక్టరీ నుంచి మిథైల్ ఐసోసయనేట్ లీకై వేలమంది చచ్చిపోయాక ఆ బొమ్మను చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కార్బైడ్‌ను 2001లో కొన్న డౌ కెమికల్ 2012 లండన్ ఒలింపిక్స్ స్టేడియం చుట్టూ కట్టే తెరలకు స్పాన్సరుగా వచ్చింది. భోపాల్ నిరసనల నడుమ తెరలు ఉండిపోయాయి, వాటి మీద తన పేరు వేసుకునే హక్కును మాత్రం డౌ వదులుకుంది.

బీపీ చమురు కంపెనీ 2000లో పచ్చ, పసుపు రేకుల పూవులాంటి గుర్తు పెట్టుకుని, తన పేరులోని రెండక్షరాలకు 'పెట్రోలియానికి ఆవల' అనే కొత్త అర్థం ప్రచారం చేసింది. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో దాని బావి పేలి 11 మంది కార్మికులు చనిపోయారు, 87 రోజులు చమురు కారింది. ఆ ఏప్రిల్ నుంచి జులై చివరి దాకా ప్రకటనలకు 9.3 కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చుపెట్టినట్టు కంపెనీయే అమెరికా కాంగ్రెస్‌కు చెప్పింది. గూగుల్‌లో చమురు తెట్టు గురించి వెతికితే ముందు కంపెనీ పేజీ కనిపించేలా ఆ పదాలనే కొనుక్కుంది. తెట్టు మీద చల్లిన రసాయనాన్ని 'డిస్పర్సెంట్' అన్నారు. చమురు మాయం కాలేదు, చుక్కలై నీళ్లలోకి దిగింది. కెమెరాకు కనపడకుండా పోవడానికీ లేకుండా పోవడానికీ ఉన్న తేడా అంతా ఆ ఒక్క మాటలో కలిసిపోయింది.

షెల్ కంపెనీ రిఫైనరీ చిమ్నీల్లోంచి పూలు విరజిమ్ముతున్న బొమ్మ వేస్తే 2007లో బ్రిటన్ ప్రకటనల నియంత్రణ సంస్థ దాన్ని ఆపించింది. కంపెనీ వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో కొంత గ్రీన్‌హౌసుల్లో పూలకు వెళ్తున్న మాట వాస్తవమే, ఆ 'కొంత' మొత్తంలో లేశమాత్రం. అసలు కొలతలనే మోసం చేసిన వోక్స్‌వాగన్ 'క్లీన్ డీజిల్' లాంటి కేసులు అరుదు. 2015లో అది బయటపడింది కాబట్టి అందరికీ గుర్తుంది. అది అంకెలోనే అబద్ధమాడింది, అందుకే దొరికిపోయింది. గోరంతను కొండంత చేసి చూపిన షెల్ పద్ధతే మనకు ఎక్కువగా ఎదురయ్యేది.

ప్రమాదం తర్వాత తెలుగు ఎలా మారుతుంది

ప్రమాదం జరిగిన మర్నాటి ప్రెస్ నోటు, వారం తర్వాతి సంతాప ప్రకటన చదివితే మన భాషలో ఒక చిత్రం కనబడుతుంది. క్రియలకు కర్తలు పోతాయి. గ్యాస్ 'లీకైంది', వాల్వు 'తెరుచుకుంది', పరిస్థితి 'అదుపులోకి వచ్చింది'. వాల్వును ఎవరు పట్టించుకోలేదో, అలారం ఎవరు ఆపేశారో ఆ వ్యాకరణంలో చోటు లేదు. కర్త తిరిగొచ్చేది సాయం దగ్గర: 'మా సంస్థ బాధిత కుటుంబాలకు అండగా నిలిచింది.' ప్రమాదం దానంతటదే జరిగింది, సాయం మాత్రం కంపెనీ చేసింది.

ఇంకో మార్పు, పరిహారం అన్న మాట 'ఆర్థిక సాయం' అవుతుంది, కొన్నిచోట్ల 'ఎక్స్‌గ్రేషియా'. రెంటికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఢిల్లీలో 1985 డిసెంబరు నాటి ఓలియం గ్యాస్ లీకు కేసులో సుప్రీంకోర్టు సంపూర్ణ బాధ్యత సూత్రాన్ని చెప్పింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడు తన వల్ల జరిగిన హానికి తప్పు ఉన్నా లేకపోయినా, ఏ సాకూ లేకుండా పూర్తిగా బాధ్యుడని. 1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం కూడా తప్పు నిరూపించనక్కర్లేకుండా తక్షణ ఉపశమనం ఇవ్వాలంటుంది. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరిన్ లీకై 12 మంది చనిపోయిన మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చేయమంది. చట్టప్రకారం చెల్లాల్సిన బాకీని దానంలా ప్రకటిస్తే, పుచ్చుకున్నవాడు రుణపడినట్టు అవుతుంది. తర్వాత ఎక్కువ అడిగితే 'ఇంతిచ్చినా ఇంకా అడుగుతున్నారు' అనిపించుకుంటాడు. ఆ ప్రకటన వల్ల కంపెనీకి దక్కే అసలు లాభం ఇదే, పేరు కాదు.

తుపానుల తర్వాత పంచే కిట్ల మీద గుర్తులకు ఇంత లోతు లేదు. బియ్యం బస్తా మీద లోగో, పక్కన ఫొటో. ఆకలిగా ఉన్నవాడికి బియ్యం బియ్యమే.

ఆర్వో ప్లాంటు రిబ్బను

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో, కనిగిరి చుట్టుపక్కల, భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ తరాల నాటి శాపం. తాగునీటికి లీటరుకు 1 మిల్లీగ్రాము కోరదగ్గ హద్దు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. అక్కడ సీఎస్‌ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, కింద ఆర్వో ప్లాంటు పెట్టి రిబ్బను కత్తిరిస్తే మంచి ఫొటో, నిజంగా మంచి పని కూడా. ఫ్లోరైడ్ రాళ్లలోంచి వచ్చింది, ఏ కంపెనీదీ కాదు. సరిగ్గా అందుకే ప్రకటనకు అది ఇష్టమైన సమస్య. తాను చేసిన మచ్చను తుడిస్తే మచ్చ గుర్తొస్తుంది. తాను చేయని మచ్చను వేరే జిల్లాలో తుడిస్తే పుణ్యం మాత్రమే మిగులుతుంది.

ఫొటో అయ్యాక ప్లాంటు సంగతి చూడాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు ఉండి, పోసిన నీళ్లలో సగం శుద్ధి అయి సగం రిజెక్ట్‌గా పోతుంటే, ఆ రిజెక్ట్‌లో ఫ్లోరైడ్ 6కు దగ్గరవుతుంది. గంటకు 1,000 లీటర్ల మంచినీళ్లు ఇచ్చే ప్లాంటు గంటకు ఇంకో 1,000 లీటర్లు ఇలాంటివి పారబోస్తుంది. చాలాచోట్ల అవి పక్క కాలవలోకో, బోరు దగ్గరి గుంతలోకో పోతాయి. గుంతలోకి పోతే మళ్లీ అదే నేలలోకి. గేదెలు తాగేదీ అదే. దీనికి నీళ్లు ఇంకని లైనింగు తొట్టె కట్టి ఎండబెట్టాలి, లేదా గిన్నెలు కడగడానికి, గోడల పనులకు వాడేలా వేరే పైపు వేయాలి. అంచనాలో ఆ పద్దు ఉండదు.

నీళ్లను వడకట్టే పొర, మెంబ్రేన్, రెండు, మూడేళ్లకు మార్చాలి. సున్నం పేరుకోకుండా వేసే యాంటీస్కేలెంట్ అయిపోతే ఇంకా ముందే మూసుకుపోతుంది. సీఎస్‌ఆర్ ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదని 2021 సవరణల్లో ఉంది, కాబట్టి ప్లాంటు పంచాయతీకో సంఘానికో అప్పగిస్తారు. కరెంటు బిల్లు, మెంబ్రేను, ఆపరేటరు జీతం వాళ్ల నెత్తిన. 20 లీటర్ల క్యాను మీద వచ్చే నాలుగు రూపాయలతో అవి గట్టెక్కకపోతే తాళం పడుతుంది, రేకుల మీద కంపెనీ పేరు మాత్రం వెలిసిపోకుండా అలాగే ఉంటుంది. కాబట్టి ప్రకటనలో 'ఇన్ని ప్లాంట్లు పెట్టాం' అని ఉంటే, మూడో ఏడు ఎన్ని నడుస్తున్నాయి, చివరిసారి నీళ్లు ఎప్పుడు పరీక్ష చేయించారు, రిజెక్ట్ ఎటు పోతోంది అన్నవి అడగాల్సినవి.

సీఎస్‌ఆర్ అన్నదే దానం కాదని కూడా మరిచిపోతుంటారు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 135 ప్రకారం నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1,000 కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టి తీరాలి. చట్టప్రకారం ఎలాగూ చేయాల్సిన పనులు ఆ లెక్కలోకి రావు. ఫుల్ పేజీ ప్రకటన ఖర్చు కూడా రాదు.

పత్రిక ఎందుకు అడగదు

ఇందులో జిల్లా ఎడిషన్ల ఇబ్బంది అందరికీ తెలిసిందే. మండల విలేకరికి జీతం నామమాత్రం, ప్రకటనల టార్గెట్ ఉంటుంది, కమీషనే ఆధారం. ఆగస్టు 15కూ జనవరి 26కూ ప్రకటన ఇచ్చే కంపెనీ గేటు దగ్గర బూడిద లారీ గురించి రాయడానికి అతని చెయ్యి ఎంత ఆడుతుంది? ఇది వ్యక్తుల నీతి సమస్యగా చూస్తే తప్పు, ఏర్పాటే అలాంటిది. మరో జాతి ప్రకటనలు వార్తల అచ్చులోనే వస్తాయి: అదే హెడింగు, అదే కాలం. ఏ మూలనో 'మార్కెటింగ్ ఫీచర్' అని చీమతలకాయంత అక్షరాలు. పేజీ తిప్పే ముందు నాలుగు మూలలూ చూడటం అలవాటు చేసుకోవాలి.

చట్టం ఎంతవరకు పనికొస్తుంది

2024 అక్టోబరు 15న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పచ్చని అబద్ధాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. 'క్లీన్', 'గ్రీన్', 'పర్యావరణహితం', 'కార్బన్ న్యూట్రల్', 'సహజం' వంటి మాటలు వాడితే ఆధారం చూపాలి, షరతులు స్పష్టంగా చెప్పాలి, క్యూఆర్ కోడ్ ద్వారానో లింకు ద్వారానో వివరాలు అందుబాటులో ఉంచాలి. ప్రకటనల పరిశ్రమ తన మీద తానే పెట్టుకున్న కౌన్సిల్ నియమాలు అదే ఏడాది ఫిబ్రవరి 15 నుంచి ఉన్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 21 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా.

చిల్లు ఎక్కడంటే, ఆ మార్గదర్శకాలు వస్తువులు, సేవల మీద చేసే వాదనలకు. కంపెనీ తన ఆశయాల గురించి చెప్పుకునే మాటలు, అంటే మా ఎదుగుదల సుస్థిర సూత్రాల మీద ఉంటుందనే బాపతు వాక్యాలు, వాటి పరిధిలోకి రావు. 'పర్యావరణహిత సబ్బు' అంటే ఆధారం చూపాలి, 'పచ్చని తీరం మా సంకల్పం' అంటే అక్కర్లేదు. పైగా ముత్తుకూరు మనిషి కరెంటు కొనేది డిస్కం దగ్గర, చిమ్నీ ఉన్న కంపెనీ దగ్గర కాదు. పొగ పీల్చేవాడు ఆ కంపెనీకి వినియోగదారుడే కాడు. జిల్లాలో మనకు కనబడే పచ్చని పేజీల్లో ఎక్కువ భాగం ఈ చిల్లులోంచే వస్తాయి.

ప్రకటనలో నికరమైన అంకో, వస్తువు గురించిన వాదనో ఉంటే మాత్రం ఫిర్యాదుకు విలువుంది. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఆ ఫిర్యాదును జిల్లా కలెక్టరుకే రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. కేంద్ర ప్రాధికార సంస్థకు ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ప్రకటన ముక్క కత్తిరించి జత చేస్తే ఎందుకూ కొరగాదు. పత్రిక పేరు, ఎడిషన్, తేదీ కనబడేలా పేజీ మొత్తం ఉంచాలి. హోర్డింగ్ అయితే చుట్టుపక్కల గుర్తులతో సహా ఫొటో, తేదీ. 'మొత్తం మోసం' అని రాస్తే పక్కన పడేస్తారు. ఫలానా వాక్యం, ఫలానా కారణంగా తప్పు అని ఒక్కటే పట్టుకోవాలి.

ఆ కారణం దొరికే చోటు మళ్లీ చిన్న ప్రకటనే. దాన్లోని ప్రాజెక్టు పేరుతో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల పోర్టల్ పరివేష్‌లో వెతికితే అనుమతి పత్రం, షరతులు వస్తాయి. విస్తరణ ప్రతిపాదన అయితే ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు కూడా ఇలాగే చిన్నగా, కనీసం 30 రోజుల ముందు పత్రికలో పడుతుంది. అక్కడికి వెళ్లలేనివాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు. నడుస్తున్న ప్లాంటయితే షరతులను ఎలా పాటిస్తున్నదీ ప్రతి ఆరునెలలకూ నివేదిక ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో దొరకకపోతే నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల గడువు. 'కాలుష్యం వివరాలు ఇవ్వండి' అని కాక, 'ఫలానా కాలానికి అర్ధ సంవత్సర నివేదిక నకలు, గాలి కొలిచిన కేంద్రాల పటంతో సహా' అని అడగాలి.

ఆ నివేదికలో ఎడమ పక్క షరతు, కుడి పక్క జవాబు ఉంటాయి. జవాబుల్లో అంకె ఉన్నవి ఎన్ని, 'గమనించాం', 'పాటిస్తాం' అన్నవి ఎన్ని అని పెన్సిలుతో టిక్కు పెట్టుకుంటూ పోతే ఓ గంట పని. గ్రీన్‌బెల్టు షరతు ఎదురుగా ఎన్ని హెక్టార్లు నాటారో, ఎన్ని మొక్కలు బతికాయో రాశారా అన్నది ముందు చూడాల్సింది. ఏటా ఆ నివేదికలకు గడువు జూన్ 1, డిసెంబరు 1. దోసిట్లో మొక్క ఉన్న ఫుల్ పేజీ వచ్చేది దానికి నాలుగు రోజుల తర్వాత.